పగటిపూట మూసిన పొగగూడు

ఆ లోయలో, ఊరి మధ్యన ఎవరి వాకిట్లోనైనా ఉన్ని ఇల్లు, అంటే కర్ర చట్రం మీద ఉన్ని కప్పిన గుండ్రటి గుడారం, లేచిందంటే దారినపోయేవాడు గుర్రం దిగుతాడు, కారులో పోయేవాడు పాట ఆపేస్తాడు. వేసవిలో పైన పచ్చిక మీద లేచే ఉన్ని ఇళ్లు వేరు, అవి కాపరులవి. ఊళ్లో, ఇటుక ఇంటి పక్కన లేచేది మాత్రం చావుకే. శవాన్ని మూడు రోజులు అందులో ఉంచుతారు. లోపల ఆడవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుని శోకాలు పెడతారు. బయట గుమ్మం పక్కన ఆ ఇంటి మగవాళ్లు నడికట్టు బిగించి, కర్ర మీదికి ఒరిగి, గొంతెత్తి ఏడవాలి. పరామర్శకు వచ్చే మగవాళ్లు కూడా వీధి మలుపు దగ్గరనుంచే ఏడుస్తూ రావాలి. అది మర్యాద. ఏడవనివాడు పోయినవాళ్లకు ఇవ్వాల్సింది ఎగ్గొట్టినట్టు.

సాతిబాల్ది ఆ ఇళ్లకు కర్ర పని చేసేవాడు. తండ్రి ట్రాక్టరు నడిపినవాడు కాబట్టి పని ఇంట్లో నేర్పేవాళ్లు లేరు. కుర్రతనంలో ఎవరిదో పాడుబడ్డ ఉన్ని ఇల్లు తెచ్చి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పి, అలా నేర్చుకున్నాడు. వాగు ఒడ్డున విల్లో కొమ్మలు కోసి, వేడి పేడ ఆవిరిలో మగ్గబెట్టి, వంచి, మడత తడికలు అల్లేవాడు. వాసాలు చెక్కేవాడు. అన్నిటికంటే కష్టమైనది నడినెత్తిన ఉండే గుండ్రటి చక్రం. దాన్ని తుందుక్ అంటారు. వాసాలన్నీ వచ్చి అందులోనే గుచ్చుకుంటాయి, వెలుగు అందులోంచే దిగుతుంది, పొగ అందులోంచే పోతుంది. ఇంటికి అదే పొగగూడు. భూర్జ కర్రను విరగకుండా చక్రంగా వంచడం ఆ చుట్టుపక్కల అతనికి వచ్చినంతగా ఇంకెవరికీ రాదు. ఆ సంగతి అతను ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అసలు అతను అనేదే తక్కువ.

అతని భార్య ఉపోల్ ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. కర్ర అతనిది, ఉన్ని ఆమెది. ఉన్ని పరిచి, వేడినీళ్లు చల్లి, గడ్డి చాపలో చుట్టి, మోచేతులతో దొర్లించి దొర్లించి దళసరి కప్పులు చేసేది. ప్రతి ఇంటి కప్పులోనూ ఒక మూల నల్ల ఉన్నితో చిన్న పొట్టేలు కొమ్ము ఒత్తేది, అదీ తలకిందులుగా. ఒకసారి అతను అడిగాడు.

"ఎందుకలా తిరగేసి పెడతావ్?"

"నువ్వు అడుగుతావో లేదో చూద్దామని," అంది ఉపోల్. "జుట్టు నెరిసిపోయాక అడిగావు. పర్లేదు, ఇంకా బతికే ఉన్నాను."

పిల్లలు కలగలేదు. ఉపోల్ చెల్లెలు జిపార్ ఇల్లు రెండు వీధుల అవతల. బావ మాట్లాడడన్న కసి అంతా ఆమె వేళాకోళంగా తీర్చుకునేది. అతని బూట్ల తాళ్లు ఒకదానికొకటి ముడేసేది, టీలో కారం కలిపేది. అతను దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసేవాడు. "చూశావా అక్కా, మీ ఆయన కళ్లలో నీళ్లున్నాయి, రాయి కాదు!" అని జిపార్ పడీపడీ నవ్వేది.

జీవితమంతా ఇతరులకు ఉన్ని ఇళ్లు కట్టి అమ్మిన ఆ ఇద్దరూ, ఒక చలికాలంలో తమకోసం ఒకటి మొదలుపెట్టారు. వేసవిలో కొండెక్కి అందులో ఉందామనుకున్నారు. వసంతం దాటేసరికి పని పూర్తయింది. కొండెక్కకముందే ఒకరోజు, గడ్డి చాప చుడుతూ ఉపోల్ దాని మీదికే ఒరిగిపోయింది. గుండె అన్నారు. ఆ ఇంట్లో మొదట పడుకున్నది ఆమే, శవమై.

ఊళ్లోవాళ్లు గబగబా దాన్ని లేపారు. భర్త చెయ్యి వెయ్యకూడదు కాబట్టి సాతిబాల్ది పక్కన నిలబడి చూశాడు. నడికట్టు బిగించారు, చేతికి కర్ర ఇచ్చారు. వీధి మలుపు నుంచి ఏడుపులు వస్తున్నాయి. అతను నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ తెరిచాడు. రాలేదు. కొండ మీదినుంచి గాలి లేచింది. ఉత్తరం వైపు ఉన్ని పట్టీ ముడి తప్పు వేశారు. ఒక వాసం తన గాడిలో కిర్రు కిర్రుమంటోంది. అతని చెవులకు అదొక్కటే వినబడింది. ఆ వాసం జారితే పక్కది జారుతుంది, పొగగూడు ఒరుగుతుంది, లోపల ఉపోల్ మీద... అతను కర్ర కింద పెట్టి, అందరి ముందూ నడిచివెళ్లి, ముడి విప్పి సరిగ్గా వేశాడు.

సరిగ్గా అప్పుడే జిపార్ నీళ్లకోసం బయటికొచ్చింది.

"లోపల మా అక్క పడుంది," అంది. గొంతు ఏడ్చి ఏడ్చి జీరపోయింది. "మీరు ముడులు సరిచేసుకుంటున్నారా?"

ఆ రోజు నుంచి అతనికి వేళాకోళం లేదు. వీధిలో ఎదురైతే "బాగున్నారా" అని, తల వంచుకుని పోయేది, ఊరి పెద్దతో మాట్లాడినట్టు. ఊరు మిగతాది చూసుకుంది. భార్య పోతే పట్టీ బిగించుకున్నవాడు అన్నారు. రాతికైనా చెమ్మ పడుతుంది, వీడికి పట్టదన్నారు. అతను వాదించలేదు. అతనికీ అదే అనుమానంగా ఉండేది.

కాని అది అక్కడితో అయిపోదు. ఏడాది తిరిగేసరికి పెద్ద విందు పెట్టాలి. ఆ రోజు మళ్లీ ఉన్ని ఇల్లు లేపాలి, మళ్లీ గుమ్మం పక్కన నిలబడాలి, మళ్లీ ఏడవాలి. ఆ తర్వాత పోయినవాళ్లను పంపేసినట్టే, ఇక ఎవరూ పరామర్శకు రారు, ఏడవరు. అంటే ఉపోల్‌కు ఇవ్వాల్సింది ఇవ్వడానికి అతనికి ఇంకొక్క అవకాశమే ఉంది. ఒకనాటి మధ్యాహ్నం అతను పశువుల కొట్టంలోకి వెళ్లి, తలుపేసుకుని, గొంతెత్తి చూశాడు. తుప్పుపట్టిన బండి ఇరుసు లాంటి శబ్దమొకటి వచ్చింది. ఆవు నెమరు ఆపి అతని వంక చూసింది. అతనికి సిగ్గేసి దానికి గడ్డి వేసి వచ్చేశాడు.

కొట్టంలో గోడవారగా ఆ ఉన్ని ఇల్లు మడతలు పడి ఉండేది. వెళ్లినప్పుడల్లా కనబడేది.

ఆ చలికాలమే టర్కీలో భూకంపం వచ్చింది. టీవీలో ఊళ్లకు ఊళ్లు కూలిపోయి కనిపించాయి. జనం మంచులో, మంటల చుట్టూ. ఉన్ని ఇళ్లు పంపుదామని జిల్లాలో అనుకున్నారు. ఊరి పెద్ద గడపగడపకూ తిరుగుతూ సాతిబాల్ది వాకిట్లోకీ వచ్చాడు.

"ఇస్తామనేవాళ్లున్నారు గాని అన్నీ చిల్లులవే," అన్నాడు. "నువ్వు వచ్చి వాటికి మాట్లు వేస్తే..."

"కొత్తది ఉంది. కొట్టంలో. తీసుకుపోండి."

"ఉపోల్‌దా?"

"ఇల్లు ఇల్లే కదా."

ఊరి పెద్ద అతని భుజం పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఉపోల్ పోయాక మొదటిసారి అతని గురించి ఎవరో మంచి మాట అన్నారు. చీకటి పడకముందే జిపార్ వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"అది మా అక్క ఆఖరి ఉన్ని. విందు రోజు దాన్నే కదా లేపాల్సింది?"

"అక్కడ పిల్లలు మంచులో పడుకుంటున్నారు."

"పిల్లలకోసమైతే నేనేం అనను. మీరు దానం చెయ్యట్లేదు. కొట్టం ఖాళీ చేసుకుంటున్నారు."

అతను కొట్టం వైపు చూశాడు. ఆమె అన్నది నిజం. ఆ రాత్రి పట్టీలు ఒక్కొక్కటీ చూసుకుంటూ ఒకటి మాత్రం తేల్చుకున్నాడు. ఈసారి ముడి ఇంకొకరి చేత వేయించడు. అక్కడ ఇళ్లు లేపడానికి స్వచ్ఛందంగా వచ్చేవాళ్ల పేర్లు అడిగితే, పొద్దున్నే వెళ్లి తన పేరు చెప్పాడు.

సామాను విమానంలో, కట్టిన తడికల మధ్య ఇరుక్కుని వెళ్లారు. పక్కన కుబాన్ అనే వెల్డింగు పనివాడు, ఆగకుండా మాట్లాడే మనిషి.

"బాబాయ్, పైకి లేస్తుంటే దువా చదివావా?"

"తాళ్లు చూశాను. గట్టిగా కట్టారు."

"నీకు దేవుడికంటే తాళ్ల మీదే నమ్మకం," అన్నాడు కుబాన్. "మంచిదే. ఒకరు దేవుణ్ణి చూసుకోవాలి, ఒకరు తాళ్లని."

వాళ్లను దింపిన చోట ఒక ఫుట్‌బాల్ మైదానం. చుట్టూ బోడి మల్బరీ చెట్లు, వాటి వెనక ఊరు ఉండేచోట సిమెంటు గుట్టలు. ఎక్కడ చూసినా దుమ్ము, దాని మీద మంచు, కరిగి బురద. సాతిబాల్ది గుట్టల వంక ఒకసారి చూసి తర్వాత చూడలేదు. పని మొదలుపెట్టాడు. తడికలు నిలబెట్టు, కట్టు. పొగగూడు చక్రాన్ని కర్ర మీద ఎత్తి పట్టు. వాసాలు గుచ్చు. కప్పు, పట్టీ, ముడి. ఒకటి లేచాక ఇంకొకటి. అక్కడి జనం మొదట దూరంగా నిలబడ్డారు. ఇటుక గోడలు లేని ఇల్లు గాలికి ఎగిరిపోతుందన్నారు. తర్వాత ఒకావిడ మాత్రం "నెత్తిన పడినా చావం, ఉన్నేగా" అని మొదట లోపలికి నడిచింది. ఆ తర్వాత అందరూ నడిచారు.

ఆవిడ పేరు ఎల్మాస్. అరవై దాటిన మనిషి. వెంట గుల్సుమ్ అనే మనవరాలు, బడికి ఇంకా వెళ్లని పిల్ల. వాళ్లకు వచ్చింది ఉపోల్ ఇల్లే. కూలిన ఇంట్లోంచి ఎల్మాస్‌కు దక్కినవి, బాల్కనీలో వేలాడుతున్న ఎండు వంకాయ దండలు, ఒక మూట కారం. వేసవిలో వంకాయలు తొలిచి, దారానికి గుచ్చి ఎండబెట్టడం ఆ ఊరి అలవాటు. ఆ దండలు తెచ్చి వాసానికి వేలాడదీసింది. సాతిబాల్ది చూసి, వాసానికి ఎంత బరువు పడుతుందో మనసులో లెక్క వేసుకుని ఊరుకున్నాడు.

రెండు భాషల్లో సగం మాటలు కలుస్తాయి. మిగతా సగానికి చేతులు చాలు. ఆవిడ అతన్ని మేస్త్రీ అనేది. అతను అక్కా అనేవాడు. తడిస్తే ఉన్ని పట్టీలు సాగుతాయి, ఆరితే బిగుస్తాయి. అందుకని అతను రోజూ వచ్చి, బయటనుంచే చుట్టూ తిరిగి, పట్టీలు లాగి చూసి వెళ్లేవాడు. మిగతా ఇళ్లను రోజు విడిచి రోజు చూసేవాడు.

"మేస్త్రీ, నువ్వు ఇంటిని చూడ్డానికొస్తావా, మమ్మల్ని చూడ్డానికొస్తావా?" అంది ఒకసారి ఎల్మాస్, గుమ్మంలోంచి.

"ఇంటిని."

"పోనీ ఇంటితోపాటు టీ తాగి పో."

"పనుంది అక్కా."

గడపదాకా వచ్చి రొట్టె ముక్కైనా నోట వేసుకోకుండా వెళ్లడం అతని ఊళ్లో తప్పు. అతనికి తెలుసు. కాని ఆ గుమ్మం దాటడం అతని వల్ల కాలేదు. ఉపోల్ లోపల ఉన్నప్పుడు అతను బయటే నిలబడ్డాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

ఎల్మాస్ కూడా ఏడవదని శిబిరంలో ఆడవాళ్లు చెప్పుకునేవారు. ఆమె కొడుకూ కోడలూ గుట్టల కింద పోయారు. వెలికితీసినవాళ్లందరినీ ఊరి చివర వరుసలుగా పూడ్చారు. తర్వాతి శవాల బండి వెనకే నిలబడి ఉంటే, ఎవరి దగ్గరా ఎవరికీ ఆగి ఏడ్చే తీరిక లేదు. "ఏం లేదు, చలే," అంది ఎల్మాస్ ఒకసారి ఎవరితోనో, "చలికి చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంది, అంతే." పట్టీ లాగుతున్న సాతిబాల్దికి ఆ మాట వినబడింది. అతని చేతులు కాసేపు ఆగాయి.

తర్వాత రోజుల్లో గుల్సుమ్‌కు దగ్గు పట్టుకుంది. ఒక సాయంత్రం వెళ్తే లోపలనుంచి ఒకటే దగ్గు. ఎల్మాస్ గుమ్మంలో కనిపించి "జ్వరం కూడా ఉంది మేస్త్రీ" అంది. ఆ రాత్రంతా వాన.

మర్నాడు ఆకాశం కడిగినట్టు తేలింది. ఎండ బాగా ఎక్కాక సాతిబాల్ది మైదానం అవతలి కొసన తడిక సరిచేస్తున్నాడు. ఊరికే తల ఎత్తాడు. ఎల్మాస్ ఇంటి పొగగూడు మూసి ఉంది.

అతని ఊళ్లో పొద్దున లేస్తూనే ఆడవాళ్లు చేసే మొదటి పని, పొగగూడు మీది ఉన్ని కప్పును తాడుతో లాగి తెరవడం. వానైతే సరే. కాని ఎండ కాస్తున్న పట్టపగలు పొగగూడు మూసి ఉందంటే ఆ ఇంట్లో చావు. వేరే అర్థం లేదు. పసిపిల్లలకు కూడా తెలుసు.

అతని చేతిలోని పట్టకారు బురదలో పడింది. పరుగెత్తాడు. పరుగెత్తుతుండగానే, సగం దారిలో, ఎవరూ చెప్పకుండానే గొంతు లేచింది. అతని ఊరి మగవాళ్లు వీధి మలుపు దగ్గర ఎత్తుకునే గొంతు.

"అయ్యో నా గుర్రప్పిల్లా! పరుగు నేర్వకుండానే పోయావా నా గుర్రప్పిల్లా!"

బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. సూపు గిన్నెలు పట్టుకుని వరుసలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగారు. నెరిసిన గడ్డం మనిషి, మోకాళ్లదాకా బురదతో, ఎద్దులా రంకెవేస్తూ మైదానానికి అడ్డంపడి వస్తున్నాడు. అతను గుమ్మం తడికను పక్కకు తోసి, మొదటిసారి, లోపలికి వెళ్లాడు.

గుల్సుమ్ కరెంటు పొయ్యి పక్కన కూర్చుని రొట్టె తింటోంది. బుగ్గకు జామ్ అంటుకుని ఉంది. అతన్ని చూసి నమలడం ఆపింది.

ఎల్మాస్ చేతిలో టీ కెటిల్. "ఎవరు? ఎవరు పోయారు మేస్త్రీ?"

పిల్ల బతికే ఉంది. చూశాడు. అర్థమైంది. నోరు మూసుకుందామనుకున్నాడు. మూసుకోలేదు. గండి పడ్డ కాలవకు చెయ్యి అడ్డం పెట్టినట్టయింది. మసక వెలుగులో చుట్టూ తడికలు, తను అల్లినవే. వాటి మీద ఉన్ని, తడిసిన ఉన్ని వాసన, ఉపోల్ మోచేతుల వాసన. అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. మాటలు మారిపోయాయి.

"నా సగమా! నా పొగగూటి వెలుగా! గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేకపోయాను. నోరు పెగల్లేదు, నోరు పెగల్లేదు ఉపోల్!"

గుమ్మం దగ్గర జనం మూగారు. కుబాన్ తోసుకుంటూ వచ్చి, "బాబాయ్! బాబాయ్, పిల్ల బాగానే ఉందయ్యా, చూడు" అంటున్నాడు. ఎల్మాస్ అతన్ని చేత్తో ఆపింది. "ఉండనీ," అంది. కెటిల్ కింద పెట్టి, ఎదురుగా కూర్చుంది.  తర్వాత ఆవిడ నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది, వెనకే ఇంకొకటి. ఆపైన కొడుకు పేరు. గుమ్మం దగ్గరి ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వచ్చి ఆవిడ చుట్టూ కూర్చున్నారు. మగవాళ్లు తలలు వంచుకుని పక్కకు వెళ్లారు.

అంతా అయ్యాక టీ చల్లారిపోయింది. ఎల్మాస్ మళ్లీ కాచింది. ఈసారి అతను కాదనలేదు. గుల్సుమ్ తన రొట్టెలో సగం విరిచి అతని చేతిలో పెట్టి, చాలా గంభీరంగా "నేను చచ్చిపోలేదు" అంది.

"చూశాను తల్లీ."

"పిల్లకు దగ్గు," అంది ఎల్మాస్ ముక్కు తుడుచుకుంటూ. "చలిగాలి దిగుతుందని పైది మూసే ఉంచాను. ఇంత తంతు అవుతుందని నాకేం తెలుసు? ఇంకోసారి మూస్తే ఏం చేస్తావ్, గొయ్యి తవ్వుకొస్తావా?"

అతను నవ్వాడు. ఏడ్చిన మొహంతో నవ్వడం అతనికే వింతగా ఉంది. తన ఊళ్లో దాని అర్థం చెప్పాడు. తర్వాత ముడి సంగతి చెప్పాడు. అంత పొడుగు మాట అతను ఎన్నడూ మాట్లాడలేదు. సగం ఆవిడకు అర్థమై ఉండదు. కాని ఆవిడ మధ్యలో అడ్డం రాలేదు.

"మూడు రోజులు ఉంచారా ఇందులో?" అంది చివరికి.

"మూడు రోజులు."

"స్నానం చేయించారా? పక్కన కూర్చున్నారా?"

"ఆడవాళ్లంతా కూర్చున్నారు. ఊరంతా వచ్చింది."

ఎల్మాస్ తల ఊపింది. "నా కొడుకు మొహం నేను చూడలేదు మేస్త్రీ. దుప్పటి మీదనుంచి చెయ్యి వేశాను, అంతే. అది కాలో చెయ్యో." అతని గిన్నెలో టీ వంచుతూ, "నీ పెళ్లాం అదృష్టవంతురాలు," అంది. "తల మీద ఇల్లు జారకుండా చూసుకునేవాడు బయట నిలబడి ఉన్నాడు."

 ఇన్నాళ్లుగా ఆ మూడు రోజులను అతను తన సిగ్గుగా మోస్తూ వచ్చాడు. అవి తనకు దొరికిన రోజులని, అలాంటివి దొరకనివాళ్లు ఇంతమంది ఉంటారని, అప్పటిదాకా తోచలేదు.

గుల్సుమ్ అతని చెయ్యి పట్టి లాగి, మంచం వెనక మూలకు తీసుకెళ్లింది. "నీకు ఒకటి చూపిస్తాను, ఎవరికీ చెప్పకు. ఇక్కడ నత్త ఉంది."

తెల్ల ఉన్ని మీద నల్ల కొమ్ము, తలకిందులుగా. పిల్ల వేలు రుద్ది రుద్ది దాని అంచు మెత్తబడిపోయింది.

"ఇది ఎందుకు తిరగబడింది?" అంది గుల్సుమ్.

"నువ్వు అడుగుతావో లేదో చూద్దామని," అన్నాడు సాతిబాల్ది. "నువ్వు తొందరగానే అడిగావు."

తిరిగి వెళ్లే రోజు ఎల్మాస్ అతనికి ఒక వంకాయ దండ, పొట్లంలో కారం ఇచ్చింది. అతను వద్దన్నాడు. ఆవిడ అతని సంచిలో తోసేసింది. "ఉన్ని తీసుకున్నాను కదా, వంకాయ తీసుకోలేవా?" పొగగూడు సంగతి ఇక మర్చిపోనంది. లేస్తూనే తెరుస్తానని మాటిచ్చింది. "వానొచ్చినా కాస్త తెరుస్తాలే, నీ గుండె ఆగిపోతుందేమో." కొత్త ఇటుక ఇల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. అంతదాకా ఇది ఇల్లు.

వేసవి మొదట్లో విందు వచ్చింది. ఉన్ని ఇల్లు పక్క ఊరినుంచి అరువు తెచ్చారు. పొగచూరిన పాత ఉన్ని, అతుకులు. జిపార్ దాన్ని చూసి పెదవి బిగించి పొయ్యిల వైపు వెళ్లిపోయింది. సాతిబాల్ది మర్యాద పక్కన పెట్టి తనే దాన్ని లేపాడు. ఎవరూ అడ్డురాలేదు. తర్వాత నడికట్టు బిగించుకుని, కర్ర తీసుకుని, గుమ్మం పక్కన నిలబడ్డాడు. వీధి మలుపులో మొదటి ఏడుపు లేచింది. జనం అతని వంకే చూస్తున్నారు.

అతను నోరు తెరిచాడు. గొంతు వచ్చింది. పెద్దగా కాదు. బీటలు వారిన గొంతు, మధ్యలో ఆగుతూ, మళ్లీ మొదలవుతూ. కాని వచ్చింది. "నా సగమా, నా పొగగూటి వెలుగా" అన్నాడు. లోపల ఆడవాళ్ల శోకం ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకుంది.

మాంసం పంచారు, జనం తిన్నారు, దువా చేసి లేచారు. నాలుగు మెతుకులు లోపల పడ్డాక ఊరి నోరు మళ్లీ ఊరి నోరే అయింది. కొళాయి దగ్గర ఎవరో అన్నారు, విదేశం వెళ్లొచ్చాడుగా, ఏడవడం కూడా అక్కడ నేర్పుతారేమో అని. ఇంకెవరో నవ్వారు. అతనికి వినబడింది. కోపం రాలేదు. ఉపోల్ ఉంటే ఆ మాటకు పొట్ట పట్టుకుని నవ్వేదనిపించింది. ఆ మాట వెళ్లి చెప్పాల్సింది ఆమెకే. చెప్పడానికి ఆమె లేదు. ఆ రోజంతటిలో అన్నిటికంటే బరువుగా తోచింది అదే.

సాయంత్రం అతను పెద్ద బాణలి అడుగు గీకుతుంటే జిపార్ టీ గిన్నె తెచ్చి ఇచ్చింది. అతను ఒక గుక్క తాగాడు. గొంతు భగ్గుమంది. ఎల్మాస్ కారం, గుప్పెడు. కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు కారాయి. దగ్గుతూ తల ఎత్తాడు.

జిపార్ చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఏడవడానికి టర్కీ దాకా పోవాలా బావా?" అంది. "ముందే చెబితే కారం ఇక్కడే దొరికేది."

అతను గిన్నె వంచి చివరి చుక్కదాకా తాగాడు. ఖాళీ గిన్నె ఆమె చేతికిచ్చాడు.

"మీ అక్క ఉన్ని ఎక్కడుందో చెప్పనా?"

ఆమె బాణలి పక్కన కూర్చుంది. చెప్పాడు. నత్త సంగతి చెప్పినప్పుడు ఆమె తలగుడ్డ అంచుతో మొహం కప్పుకుంది. ఎల్మాస్ అడిగిన మాటలు చెప్పాడు. చివరికి జిపార్ లేస్తూ, గోడకు వేలాడుతున్న వంకాయ దండను చూపించి, "ఇదేమిటి, ఎండిపోయిన చెవులా?" అంది.

"కూర చేస్తారట. లోపల బియ్యం, మాంసం కూరి."

"నువ్వు చెయ్యి. నేను తినను. నువ్వు బతికి బయటపడితే ఎల్లుండి తింటాను."

ఆమె వెళ్లిపోయింది. వాకిలి ఖాళీ అయింది. అతను అరువు ఇంటిని విప్పి, వాసాలు కట్టకట్టి, పట్టీలు చుట్టి పెట్టాడు. ఇంట్లోకి వెళ్లి ఒక్కడే పడుకున్నాడు. మంచం రెండో సగం ఏడాదిగా ఉన్నట్టే ఉంది. విందు పెట్టినంత మాత్రాన అది నిండదు. అది కూడా తెలిసింది.

పొద్దున లేచి ఆవును విప్పాడు. వంకాయలు నీళ్లలో నానబెట్టాడు, మెత్తబడతాయో లేదోనని వేలితో నొక్కి చూశాడు. ఎల్మాస్ వాళ్ల పొద్దు ఇక్కడికంటే ఆలస్యం. అతనికి తెలుసు. అందుకని ఎండ బాగా ఎక్కేదాకా ఆగాడు. అప్పుడు టీ గిన్నె పట్టుకుని గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. ఈపాటికి అక్కడ పొగగూడు తాడు లాగి ఉంటారు. ఉన్ని మీద వెలుగు గుండ్రంగా పడి ఉంటుంది, మూలకు, నత్త దాకా.